అరచేతిలో చేరిన పాఠం

తరగతిలో ఉపాధ్యాయులు మాట్లాడుతున్నారో, బోర్డు మీద రాస్తున్నారో తెలియకుండా కూర్చున్న రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి. చూపూ వినికిడీ రెండూ లేని నాకు పాఠం చేరే దారి స్పర్శ ఒక్కటే. సహాయకురాలు నా అరచేతిలో ఒక్కొక్క అక్షరాన్నే వేలితో రాస్తుంటే, ఒక వాక్యం పూర్తయ్యేసరికి తరగతి ఎంతో ముందుకు వెళ్లిపోయేది. నేను సందేహం అడిగే సమయానికి ఆ ప్రశ్న పాతబడిపోయేది. ఆ ఆలస్యాన్ని నా తెలివితక్కువతనంగా లెక్కగట్టిన వారి మాటలు ఇప్పటికీ బాధిస్తాయి.

మాటలను బ్రెయిలీలో, అంటే తాకి చదివే చుక్కల లిపిలో, అందించే బ్రెయిలీ డిస్‌ప్లే అనే పరికరం చేతికి వచ్చాకే నా చదువు నిజంగా మొదలైంది. ఎదుటివారు టైపు చేసిన మాట నా వేళ్ల కింద సన్నని చుక్కలుగా పైకి లేచి, చదవగానే అణిగిపోయి, తర్వాతి మాటకు చోటిస్తుంది. ఒక సహవిద్యార్థిని తొలిసారి "ఎలా ఉన్నావు?" అని టైపు చేసినప్పుడు, మధ్యవర్తి లేకుండా ఒకరు నన్ను నేరుగా పలకరించారన్న ఆనందంతో ఆ చుక్కల మీద నుంచి చాలాసేపు వేళ్లు తీయలేకపోయాను.

నాలాగే చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ 1904లోనే పట్టభద్రురాలయ్యారని అందరూ చెబుతారు; తరగతుల్లో పక్కనే కూర్చుని ఆమె చేతిలో పాఠాలను అక్షరాలుగా అందించిన ఉపాధ్యాయిని ఆన్ సలివన్ శ్రమను మాత్రం చాలామంది మరచిపోతారు. పాఠ్యపుస్తకాలు తరగతులు మొదలయ్యే రోజుకే బ్రెయిలీలో అందాలనీ, పరీక్షలో వేళ్లతో చదవడానికి పట్టే అదనపు సమయం ఇవ్వాలనీ ఈ వారం మా కళాశాలకు మళ్లీ లేఖ రాశాను.