ఏది మారదో ముందు పట్టుకోండి: స్థిర విద్యుత్తు, సర్క్యూట్ల ప్రిపరేషన్

హన్మకొండ లైబ్రరీలో, కాజీపేట రూముల్లో రైల్వే గ్రూప్‌-డికో, కానిస్టేబుల్‌కో, జూనియర్ లైన్‌మన్‌కో చదువుతున్న మిత్రులారా, కరెంటు పాఠాన్ని చూసి భయపడి వదిలేయకండి. గ్రూప్‌-డి కంప్యూటర్ పరీక్షలో 100 ప్రశ్నలకు 25 జనరల్ సైన్స్‌వి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి సగం గుర్తున్న సూత్రంతో నష్టమే ఎక్కువ. ఈ పాఠంలో సూత్రాల కంటే ముందు రావాల్సిన అలవాటు ఒకటుంది. లెక్క చదవగానే ‘ఇందులో మారనిది ఏది?’ అని అడగాలి. అది దొరికితే ఏ సూత్రం వాడాలో దానంతటదే తెలుస్తుంది.

స్థిర విద్యుత్తులో మారనిది మొత్తం ఆవేశం. రుద్దితే ఆవేశం కొత్తగా పుట్టదు, ఎలక్ట్రాన్లు ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు పోతాయి. ప్రోటాన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. సిల్కు గుడ్డతో రుద్దిన గాజు కడ్డీకి ధనావేశం, సిల్కుకు అంతే రుణావేశం. ఉన్నితో రుద్దిన గట్టి రబ్బరు రకమైన ఎబొనైట్‌కు రుణావేశం. గాజు ఎలక్ట్రాన్లు కోల్పోయింది కాబట్టి దాని ద్రవ్యరాశి అతి స్వల్పంగా తగ్గుతుంది. ఇది చాలామంది ఊహించని ప్రశ్న.

ఎలక్ట్రాన్ ఆవేశం 1.6×10⁻¹⁹ కూలూంబ్‌లు. ఏ వస్తువు మీదైనా ఆవేశం దీనికి పూర్ణాంక గుణిజంగానే ఉంటుంది. ఆప్షన్లలో 4.8×10⁻¹⁹ ఉంటే సాధ్యమే, అది మూడు ఎలక్ట్రాన్లది. 4.0×10⁻¹⁹ సాధ్యం కాదు, రెండున్నర ఎలక్ట్రాన్లు ఉండవు. ఒక కూలూంబ్‌కు 6.25×10¹⁸ ఎలక్ట్రాన్లు కావాలి.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఒకే సైజు లోహపు గోళాలు రెండు, ఒకదాని మీద +6, ఇంకోదాని మీద −2 మైక్రో కూలూంబ్‌లు. తాకించి మళ్లీ అంతే దూరంలో ఉంచారు. మొత్తం +4 మారదు, చెరి సగం +2. బలం రెండు ఆవేశాల లబ్ధాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ముందు అది 6×2 అంటే 12కు అనుపాతంలో ఉండి ఆకర్షణ, తర్వాత 2×2 అంటే 4కు అనుపాతంలో ఉండి వికర్షణ. బలాల నిష్పత్తి 3:1. రుణ గుర్తు మరిచి 6, 2 కూడి చెరి 4 పంచితే 16 వస్తుంది, ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో ఉండొచ్చు.

ప్రేరణతో, అంటే ఆవేశమున్న వస్తువును తాకించకుండానే, ఆవేశపరచడంలో వరుస ముఖ్యం. రుణావేశ కడ్డీని గోళానికి దగ్గరగా తేవాలి, తాకించకూడదు. గోళాన్ని వేలితో తాకాలి, ఎలక్ట్రాన్లు వేలి గుండా భూమికి పోతాయి. ముందు వేలు తీయాలి, తర్వాతే కడ్డీ. గోళం మీద ధనావేశం మిగులుతుంది. కడ్డీ ముందు తీస్తే పోయిన ఎలక్ట్రాన్లు వేలి గుండా తిరిగొచ్చి గోళం తటస్థమైపోతుంది.

వస్తువుకు ఆవేశం ఉందని ఖాయంగా చెప్పేది వికర్షణ మాత్రమే. తటస్థంగా ఉన్న కాగితం ముక్కలు కూడా దువ్వెనకు ఆకర్షితమవుతాయి కదా. ఇది చేసి చూడాలనుకుంటే డిసెంబరు, జనవరిలో ఎండ పొద్దున చూడండి. నూనె పెట్టిన జుట్టుతో రాదు, తలస్నానం చేసి బాగా ఆరిన జుట్టు కావాలి. వానాకాలం ముసురులో గాలిలో తేమ వల్ల ఆవేశం జారిపోయి ప్రయోగం చాలాసార్లు విఫలమవుతుంది.

ఇక సర్క్యూట్లు. శ్రేణిలో (సిరీస్, ఒకదాని వెనక ఒకటి) మారనిది కరెంటు, సమాంతరంలో (ప్యారలల్, పక్కపక్కన) మారనిది వోల్టేజి. 6 వోల్ట్ల బ్యాటరీకి 2 ఓములు శ్రేణిలో, దాని తర్వాత 3 ఓములు, 6 ఓములు సమాంతరంగా ఉన్నాయనుకోండి. సమాంతర జత నిరోధం 3×6 ను 9తో భాగిస్తే 2. మొత్తం 4 ఓములు, కరెంటు 1.5 ఆంపియర్. 2 ఓముల దగ్గర 3 వోల్ట్లు పడిపోతే జతకు మిగిలేది 3. అందులో 3 ఓముల గుండా 1, 6 ఓముల గుండా 0.5 ఆంపియర్, కలిపితే 1.5. ఈ కూడిక సరిపోకపోతే తప్పు ఎక్కడో ముందే జరిగింది, అక్కడే ఆగి చూడండి.

బల్బుల ప్రశ్న దగ్గర ఇదే అలవాటు బాగా అక్కరకొస్తుంది. 220 వోల్ట్లకు తయారైన 60 వాట్లు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుల నిరోధాలు సుమారు 807, 484 ఓములు. ఇంట్లో లాగా సమాంతరంగా పెడితే వోల్టేజి ఒకటే, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించండి, 100 వాట్లది ఎక్కువ వెలుగుతుంది. శ్రేణిలో పెడితే కరెంటు ఒకటే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించండి, 60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. నిరోధాలు మారవనుకుంటే రెండూ కలిసి తీసుకునేది 37.5 వాట్లే. ‘ఎక్కువ వాట్లంటే ఎక్కువ వెలుతురు’ అని గుడ్డిగా గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇక్కడే పోతారు.

తీగ సాగదీత లెక్కల్లో మారనిది ఘనపరిమాణం. పొడవు రెట్టింపైతే అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది, నిరోధం నాలుగింతలు. కోసిన లెక్క వేరు: 100 ఓముల తీగను అయిదు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 20, అయిదూ సమాంతరంగా కలిపితే 4 ఓములు.

చేతిలో మల్టీమీటర్ ఉంటే రెండు జాగ్రత్తలు. అమ్మీటర్ స్థానంలో ఉంచి సెల్ రెండు కొనలకు నేరుగా పెట్టొద్దు, దాని నిరోధం చాలా తక్కువ, లోపలి ఫ్యూజు పోతుంది. నిరోధం కొలిచేటప్పుడు సర్క్యూట్ నుంచి కరెంటు తీసేయాలి. వెలగని 100 వాట్ల ఫిలమెంట్ బల్బును కొలిస్తే 484లో పదో వంతు కూడా రాదు. మీటర్ చెడిపోలేదు, చల్లని టంగ్‌స్టన్ నిరోధం తక్కువ, వెలిగినప్పుడే పెరుగుతుంది.

లైన్‌మన్ పోస్టుకు చదివేవాళ్లు స్విచ్చు, ఫ్యూజు ఫేజు తీగకే ఎందుకుంటాయో కారణంతో సహా నేర్చుకోండి. న్యూట్రల్‌కు పెడితే స్విచ్చు ఆపినా పరికరంలో ఫేజు అలాగే ఉంటుంది, ముట్టుకుంటే షాకే. 220 వోల్ట్ల మీద 2 కిలోవాట్ల గీజరు సుమారు 9.1 ఆంపియర్లు లాగుతుంది, 5 ఆంపియర్ ఫ్యూజు కాలిపోతుంది, 10 ఆంపియర్‌ది కావాలి. బావి మీది 5 హెచ్‌పీ మోటరు 6 గంటలు నడిస్తే ఎన్ని యూనిట్లన్న లెక్కలో ఒక హెచ్‌పీ 746 వాట్లు, మొత్తం 3,730 వాట్లు, అంటే 3.73 కిలోవాట్లు, 6 గంటలతో గుణిస్తే జవాబు 22.38 యూనిట్లు (కిలోవాట్ గంటలు). హెచ్‌పీ అనేది మోటరు బయటికిచ్చే సామర్థ్యం కాబట్టి నిజంగా మీటర్ అంతకంటే ఎక్కువే తిరుగుతుంది. ప్రశ్నలో దక్షత (ఎఫిషియెన్సీ) శాతం ఇస్తే దానితో భాగించాలి, 80 శాతమైతే 27.975 యూనిట్లు. దక్షత ఇవ్వకపోతే 22.38నే పెట్టండి.