గాజాలో కాల్పుల విరమణ ఎందుకు తెగింది? 2025 మార్చి 18 టాపిక్‌కు ప్రిపేరయ్యే తీరు

సివిల్స్, గ్రూప్-1 మెయిన్స్‌కు చదివే మనలో చాలామంది గాజా నోట్సు 1917 బాల్ఫోర్ ప్రకటనతో (పాలస్తీనాలో యూదుల స్వస్థలానికి బ్రిటన్ మద్దతు) మొదలై 2023 అక్టోబరు 7 హమాస్ దాడితో ముగుస్తుంది. ‘బందీల విడుదల ఒప్పందం నడుస్తుండగానే ఇజ్రాయెల్ తిరిగి సైనిక చర్యకు దిగడాన్ని ఎలా సమర్థించుకుంది? విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అని అడిగితే ఆ చరిత్రంతా రెండు వాక్యాలకు మించి అక్కరకు రాదు. 2025 జనవరి 19 నుంచి మార్చి 18 దాకా ఏ రోజున ఎవరు ఏం చేయాలి, ఏం చేశారు అన్నది తెలిస్తేనే కలం కదులుతుంది. కాబట్టి ఒక తెల్ల కాగితం మీద ముందు తేదీలు వేసుకోండి.

ఖతార్, ఈజిప్టు, అమెరికా మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందం జనవరి 19న అమల్లోకి వచ్చింది. మొత్తం మూడు దశలు, ఒక్కోటి 42 రోజులు. తొలి దశలో గాజాలోని పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ 33 మంది ఇజ్రాయెలీ బందీలను అప్పగించింది. వారిలో 25 మంది ప్రాణాలతో వచ్చారు, 8 మంది మృతదేహాలుగా వచ్చారు. ఈ లెక్కలో లేని ఐదుగురు థాయ్ కార్మికులు కూడా విడుదలయ్యారు. బదులుగా ఇజ్రాయెల్ దాదాపు 2 వేల మంది పాలస్తీనా ఖైదీలను, నిర్బంధితులను వదిలింది. అంటే తొలి దశ మార్పిడి తడబడుతూనే అయినా పూర్తయింది. పేచీ వచ్చింది రెండో దశ దగ్గర. దానిపై చర్చలు 16వ రోజుకల్లా, అంటే ఫిబ్రవరి 3కల్లా మొదలవ్వాలి. గాజా-ఈజిప్టు సరిహద్దు వెంట ఉన్న ఫిలడెల్ఫీ కారిడార్ నుంచి ఇజ్రాయెల్ సైన్యం 42వ రోజున వెనక్కి మళ్లడం మొదలుపెట్టి 50వ రోజుకు పూర్తి చేయాలి. ప్రాణాలతో మిగిలిన బందీల విడుదల, సైన్యం పూర్తి ఉపసంహరణ, యుద్ధానికి ముగింపు, ఈ మూడూ రెండో దశలోనివే. ఆ చర్చలు అసలు విషయంలోకి వెళ్లనే లేదు, ఉపసంహరణా జరగలేదు. మార్చి 1తో తొలి దశ గడువు తీరింది. మార్చి 2న గాజాలోకి సరుకులు, సాయం వెళ్లకుండా ఇజ్రాయెల్ ఆపేసింది. మార్చి 18 తెల్లవారుజామున వైమానిక దాడులు మొదలయ్యాయి. ఆ ఒక్క రోజే 400 మందికి పైగా మరణించారని గాజా ఆరోగ్య శాఖ ప్రకటించింది. అప్పటికి గాజాలో ఇంకా 59 మంది బందీలు ఉన్నారు, వారిలో 24 మంది దాకా బతికి ఉన్నారని ఇజ్రాయెల్ అంచనా.

ఇప్పుడు ఇజ్రాయెల్ ప్రభుత్వ వాదన. దీన్ని ఒకే ముద్దగా రాయకండి, పొరలుగా విడదీయండి. ప్రధాని కార్యాలయం ప్రకటనలో పైకి కనిపించే కారణం ఇది: బందీల విడుదలకు హమాస్ పదేపదే నిరాకరించింది, అమెరికా ప్రతినిధి స్టీవ్ విట్కాఫ్, ఇతర మధ్యవర్తులు తెచ్చిన ప్రతిపాదనలన్నీ తోసిపుచ్చింది. రెండో పొర, హమాస్ మళ్లీ ఆయుధాలు సమకూర్చుకుని దాడులకు సిద్ధమవుతోందన్న భద్రతా కారణం. మూడోది న్యాయపరమైనది. చాలా నోట్సుల్లో కనిపించనిదీ, మార్కులు తెచ్చేదీ ఇదే. చర్చలు ఫలించడం లేదని అనిపిస్తే 42వ రోజు తర్వాత పోరు మొదలుపెట్టే హక్కు తమకు ఉందని, దానికి అమెరికాలో అంతకుముందున్న బైడెన్ ప్రభుత్వం విడిగా ఇచ్చిన లేఖ ఆధారమని, ట్రంప్ ప్రభుత్వమూ సమర్థించిందని ప్రధాని నెతన్యాహు కార్యాలయం మార్చి 2నే చెప్పింది.

ఈ మూడో పొరకు ఎదురు నిలిచేది ఐరాస భద్రతా మండలి తీర్మానం 2735. తేదీ 2024 జూన్ 10. అనుకూలంగా 14 ఓట్లు, రష్యా ఓటింగ్‌కు దూరం. తొలి దశ చర్చలకు ఆరు వారాలు చాలకపోతే, చర్చలు సాగినంత కాలం కాల్పుల విరమణ కూడా సాగుతుందని అందులో ఉంది. 2025 జనవరి ఒప్పందానికి మూలం ఆ తీర్మానం బలపరిచిన చట్రమే. ఒకవైపు అందరికీ అందుబాటులో ఉన్న మండలి తీర్మానం, మరోవైపు మూడో దేశం ఇచ్చిన హామీ లేఖ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచిన జవాబు మిగతా జవాబుల కట్టలోంచి తప్పకుండా పైకి తేలుతుంది.

‘ప్రతిపాదనలన్నీ తోసిపుచ్చింది’ అన్న మాటనూ పరీక్షించండి. విట్కాఫ్ తెచ్చినవి రెండో దశకు వెళ్లే ప్రతిపాదనలు కావు, తొలి దశను రంజాన్, యూదుల పాసోవర్ పండుగలు ముగిసేదాకా పొడిగించేవి. హమాస్ మార్చి 14న అమెరికా-ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్న సైనికుడు ఎడాన్ అలెగ్జాండర్‌ను, మరో నలుగురు ద్వంద్వ పౌరుల మృతదేహాలను ఇస్తామని, రెండో దశ చర్చలు మొదలవ్వాలని అంది. ఇజ్రాయెల్ దాన్ని మానసిక యుద్ధమని కొట్టేసింది. కాబట్టి హమాస్ అన్నింటినీ కాదన్నదని రాయడం ఎంత తప్పో, అన్నింటికీ ఒప్పుకుందని రాయడమూ అంతే తప్పు. ఎదుటివారి ప్రతిపాదనకు ఇద్దరూ తమ షరతు తగిలించారు.

చట్టం భాగంలో ఎక్కువమంది జారిపడేది రెండు ప్రశ్నలను కలిపేయడం వల్ల. బలప్రయోగానికి దిగవచ్చా అన్నది ఒకటి. అక్కడ ఆత్మరక్షణ హక్కునిచ్చే ఐరాస చార్టర్ 51వ అధికరణ, అవసరం, అనుపాతం (ముప్పుకు తగినంత బలమే వాడటం) అనే కొలతలు వస్తాయి. 1907 హేగ్ నిబంధనల 40వ అధికరణ ప్రకారం అవతలి పక్షం తీవ్రంగా ఉల్లంఘిస్తే విరమణను రద్దు చేసుకోవచ్చు, అత్యవసరమైతే వెంటనే పోరు మొదలుపెట్టవచ్చు. అయితే అవి రాజ్యాల మధ్య యుద్ధాల కోసం రాసినవి, హమాస్ రాజ్యం కాదు. ఈ హద్దును ఒక్క వాక్యంలో చెప్పండి. పోరు ఎలా సాగాలి అన్నది రెండో ప్రశ్న. బందీలను పట్టడం జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణ ప్రకారం నిషిద్ధం, అది హమాస్ నేరం. పౌరులకు ఆహారం అందకుండా చేయడాన్ని యుద్ధ పద్ధతిగా వాడటమూ నిషిద్ధమే, మార్చి 2 దిగ్బంధంపై ప్రశ్న అక్కడ లేస్తుంది. ఒకరి ఉల్లంఘన రెండోవారి ఉల్లంఘనకు అనుమతి పత్రం కాదు. సివిల్స్ మెయిన్స్ నైతికత పేపరు జీఎస్-4లో అంతర్జాతీయ సంబంధాల నైతికత మీద రాసేటప్పుడు కూడా ఈ వాక్యం పనికొస్తుంది.

ఇజ్రాయెల్ దేశీయ రాజకీయాల గురించి రాయండి, కానీ కొలిచి రాయండి. ఒప్పందాన్ని నిరసిస్తూ జనవరిలో ప్రభుత్వం నుంచి వైదొలగిన అతివాద నాయకుడు ఇతమార్ బెన్ గ్విర్ పార్టీ దాడులు మొదలవగానే తిరిగి చేరింది. మార్చి 31లోగా బడ్జెట్ పాసవ్వకపోతే ప్రభుత్వం పడిపోయి ఎన్నికలు వచ్చేవి. ఇవి రుజువైన సంఘటనలు. ‘అందుకే యుద్ధం మొదలుపెట్టారు’ అన్నది ఆరోపణ, దాన్ని విమర్శకుల వాదనగానే రాయాలి. బందీల కుటుంబాల వేదిక ఈ దాడులను గట్టిగా వ్యతిరేకించింది. తమవారిని ప్రభుత్వం వదిలేసిందన్నది వారి వేదన. ఎవరి పేరు చెప్పి సైనిక చర్యను సమర్థించారో వారి ఇంటివాళ్లే కాదన్నారు. దీన్ని చివరి వాక్యానికి దాచకుండా మధ్యలోనే, ప్రభుత్వ మొదటి కారణాన్ని తూచే చోట పెట్టండి.

15 మార్కులు, 250 పదాలు, చేతిలో 11 నిమిషాలు. పరిచయం 30 పదాలు దాటకూడదు: తేదీ, మూడు దశలు, ఏది తెగింది. ప్రభుత్వ వాదనకు 70, దాని పరీక్షకు 90, భారత్‌కు 40, మిగిలింది ముగింపుకు. సమయం చాలనివాళ్ల పేపర్లు చూస్తే వాదనకే 150 పదాలు పోసి పరీక్షను రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ‘విమర్శనాత్మకంగా’ అన్న మాటకు మార్కులు పడేదే ఆ భాగంలో.

భారత్ వైఖరికి మూడు ఓట్లు గుర్తుంటే చాలు. ఐరాస సాధారణ సభలో గాజా తీర్మానాలపై 2023 అక్టోబరు 27న ఓటింగ్‌కు దూరం, డిసెంబరు 12న కాల్పుల విరమణకు అనుకూలం, 2025 జూన్ 12న మళ్లీ దూరం. మార్చి దాడుల తర్వాత మన విదేశాంగ శాఖ ఆందోళన తెలిపి, బందీలందరి విడుదల, మానవతా సాయం కొనసాగింపు కోరింది. విరమణను ఎవరు తెంచారన్నది చెప్పలేదు. 2023 మేలో కుదిరిన ఒప్పందం ప్రకారం 42 వేల మంది భారత కార్మికులు ఇజ్రాయెల్‌లో పనిచేయవచ్చు. తెలంగాణ నుంచి కేర్‌గివర్లుగా వెళ్లిన మనవాళ్లూ అక్కడ ఉన్నారు. గ్రూప్-1 జవాబులో ఈ ఒక్క వాక్యం చేర్చండి, చాలు.

ప్రిలిమ్స్‌కు మ్యాపు: గాజా వైశాల్యం 365 చదరపు కిలోమీటర్లు, ఫిలడెల్ఫీ కారిడార్ పొడవు సుమారు 14 కిలోమీటర్లు, గాజాను అడ్డంగా కోసే నెట్జారిమ్ కారిడార్, రఫా, కెరెమ్ షాలోమ్ సరిహద్దు ద్వారాలు. పోల్చడానికి 2023 నవంబరు 24 నుంచి డిసెంబరు 1 దాకా సాగిన తొలి విరమణను వేరే కాగితం మీద రాసుకోండి, రెండింటి అంకెలు కలిసిపోతే ప్రమాదం. అప్పుడు 105 మంది బందీలు, 240 మంది ఖైదీలు విడుదలయ్యారు. 2025 అక్టోబరు 10న వచ్చిన విరమణ, నవంబరు 17న 13 ఓట్లతో, రష్యా, చైనా దూరంగా ఉండగా ఆమోదం పొందిన భద్రతా మండలి తీర్మానం 2803, ఈ రెండూ అదే కాగితం కింది భాగంలో చేరాలి.