బంగారు నాణెంలో లోహమెంత, బొమ్మెంత

అక్షయ తృతీయ దగ్గరపడితే విజయవాడ వన్‌టౌన్ బంగారు కొట్లలో నాణేల బేరం జోరందుకుంటుంది. కొనేవారు ముందుగా అడిగేది అది 24 క్యారెట్లదా, 22 క్యారెట్లదా అని. నగలకు ఆ ప్రశ్న సరిపోతుంది గాని, పెట్టుబడి కోసం ముద్రించిన నాణేలకు అసలు చూడవలసింది అందులో మేలిమి బంగారం ఎంతుందన్నదే.

దక్షిణాఫ్రికా 1967లో తెచ్చిన క్రూగరాండ్ 22 క్యారెట్ల నాణెమైనా దాని తూకం 33.93 గ్రాములు కాబట్టి, రాగి పోగా మేలిమి 31.1 గ్రాములు, అంటే ఒక ట్రాయ్ ఔన్సు మిగులుతుంది. 1979లో మొదలైన కెనడా మేపుల్ లీఫ్ 24 క్యారెట్లదే అయినా అందులో ఉన్నదీ అంతే బంగారం. పైగా రాగి కలిసినది గట్టిగా ఉంటుంది, మేలిమి నాణేనికి చేతులు మారేకొద్దీ గీతలు పడతాయి.

మన ఇండియన్ గోల్డ్ కాయిన్ 2015 నవంబరులో ఒకవైపు అశోకచక్రంతో, మరోవైపు గాంధీ బొమ్మతో వచ్చింది. నాణేలకు నగల మాదిరి తరుగు ఉండదని మురిసిపోతాం గాని, లోహం ధరపై అదనంగా కట్టేదీ, 3 శాతం జీఎస్టీ అమ్మినప్పుడు తిరిగి రావు; నాణెం ఎంత చిన్నదైతే గ్రాముకు ఆ అదనం అంత ఎక్కువ. బ్యాంకులైతే అమ్ముతాయే గాని తిరిగి కొనవు. లోహం కోసమే కొనేవారు సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించే, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేల జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సేకరణ దారి వేరు. పాత ఇళ్లలో దొరికే బ్రిటిష్ సవరన్ నాణెం తూకం 7.98 గ్రాములు, అందులో మేలిమి 7.32 గ్రాములు. 1918 నాటిదైతే భూతద్దం పెట్టి చూడండి: గుర్రంపై ఉన్న సెయింట్ జార్జి బొమ్మ కింద, సంవత్సరానికి సరిగ్గా పైన, నేలగీత మీద ఆంగ్లంలో చిన్న ‘ఐ’ అక్షరం కనిపిస్తే అది బొంబాయిలో ముద్రించినది. అక్కడ సవరన్లు ముద్రించింది ఆ ఒక్క ఏడాదే. కరిగించే ముందు నాణేలు తెలిసినవారికి చూపించడం మేలు. కాసులపేరులో గుచ్చడానికి కొక్కెం అతికించిన సవరన్‌కు మాత్రం సేకర్తలు ఎక్కువ ఇవ్వరు. దానికి దక్కేది దాదాపు తూకం ధరే.