తడుముకోకుండా

ఎవరైనా చకచకా సమాధానం చెబితే "తడుముకోకుండా చెప్పాడు" అని మెచ్చుకుంటాం. పుట్టుకతో చూపు లేని నాకు తడమడమే చదవడం, లెక్కపెట్టడం, సరిచూసుకోవడం కాబట్టి ఆ మెప్పు నాకు ఏనాడూ మింగుడుపడలేదు. "గుడ్డిగా నమ్మడం" అన్న మాట మరీ అన్యాయం. మేము దేన్నీ ఒక్క పట్టున నమ్మం. నమ్మితే చిల్లర తగ్గుతుంది, మూత లేని కాలువలో కాలు పడుతుంది.

నోట్ల సంగతి తీసుకోండి. 2016 తర్వాత వచ్చిన వరుసలో వంద, రెండు వందలు, ఐదు వందల నోట్ల వెడల్పు ఒకటే, 66 మిల్లీమీటర్లు. పొడవులు 142, 146, 150. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉన్నా, పది చేతులు మారేసరికి అరిగిపోతాయి. అందుకే జేబులో ఒక వంద నోటు విడిగా ఉంచుకుని, చేతికొచ్చిన నోటును ఒక అంచు కలిసేలా దాని మీద పరిచి, రెండో చివర మిగిలే ఆ నాలుగో ఎనిమిదో మిల్లీమీటర్ల మెట్టును బొటనవేలి గోటితో వెతుక్కుంటాను. ఒకసారి మా వీధి కిరాణా కొట్టాయనను, వంద, రెండు వందల నోట్లలో ఏది పొడవని అడిగాను. "రెండూ ఒకటే కదా బాబూ" అన్నాడు. రోజంతా నోట్లు లెక్కపెట్టే మనిషి ఆయన. రంగు చూడగానే తెలిసిపోతుంది గనుక కొలత గురించి ఆలోచించే పని ఆయనకు పడలేదు. నోట్ల కొలతలు నిర్ణయించిన వాళ్లకూ పడలేదనే నా అభిప్రాయం.

మన లిపి గురించి కూడా వేళ్లకు తెలిసినది వేరే ఉంది. భారతీయ భాషలను వేళ్లతో చదివే చుక్కల లిపి భారతి బ్రెయిలీ. అందులో తలకట్టు, గుడి, కొమ్ము ఉండవు. "కి" అంటే క పక్కన ఇ, అంతే. "అమ్మ"లో ఒత్తు కిందికి దిగదు. అచ్చు లేదని చెప్పే ఒక చుక్క ముందు వస్తుంది, తర్వాత రెండు మ లూ ఒకే వరుసలో కూర్చుంటాయి.

గుణింతం రావడం లేదని ఏడుస్తున్న మా మేనకోడలికి మొన్న ఈ సంగతే చెప్పి, నా పుస్తకం ముందు పెట్టాను. అది కళ్లు మూసుకుని, చుక్కల మీద వేలు జరుపుతూ, తడుముకుంటూ తడుముకుంటూ వెళ్లి, "ఇదే కదా మామయ్యా ఇ" అని ఆగింది.