బయోడిగ్రేడబుల్ అని రాయించుకోవడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇదే పని మీద తిరుగుతున్న రీసెర్చ్ స్కాలర్లకి పనికొస్తుంది.

నాది కైటోసాన్, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే, నీళ్ళలో కరిగే ప్లాస్టిక్) కలిపి అద్దకం నీళ్ళలోని రంగును పట్టే మెంబ్రేన్, అంటే పలచని వడపోత పొర, చేసే పని. కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి తీస్తారు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్య పెంకుల గుట్టలు చూస్తూ పెరిగినదాన్ని. ఇళ్ళల్లో వాడే ఆర్వో మెంబ్రేన్ ఏమో పాలిఅమైడ్, పాలిసల్ఫోన్, పాలియెస్టర్ పొరలు ఒకదాని మీద ఒకటి వేసి చేసింది. పాడైతే ఆ పొరల్ని విడదీయడం కష్టం, చెత్తలోకి పోవడమే. పనైపోయాక సూక్ష్మజీవులు తినేసే మెంబ్రేన్ చేయాలన్నది నా పట్టుదల.

తయారీలో పెద్ద ఇబ్బంది లేదు. పీవీఏని 90 డిగ్రీల నీళ్ళలో, కైటోసాన్‌ని 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి, రెండూ కలిపి, బుడగలు పోయాక గాజుపలక మీద పోసి ఆరబెట్టడమే. తర్వాత గ్లుటరాల్డిహైడ్‌తో క్రాస్‌లింక్ చేయాలి, అంటే అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేయాలి, లేకపోతే నీళ్ళు తగలగానే ఉబ్బి జావలా అయిపోతుంది. మోతాదు మించితే మెంబ్రేన్ గట్టిపడుతుంది గానీ, రంగును పట్టాల్సిన అమైన్ గ్రూపులు (కైటోసాన్‌లో నైట్రోజన్ ఉన్న భాగాలు) క్రాస్‌లింక్‌కే ఖర్చైపోతాయి. పైగా సూక్ష్మజీవులకీ కొరుకుడు పడదు. ఆ మధ్యేమార్గం పట్టుకోవడమే నా థీసిస్. ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫోటోలు, ఫ్లక్స్ (పొర గుండా నీళ్ళు పారే వేగం) రీడింగులు సాఫీగా వచ్చేశాయి.

మిగిలింది బయోడిగ్రేడబుల్ అని నిరూపించే పరీక్ష. ఇక్కడే నా ప్రాణం తీశారు.

ఊళ్ళో ఉన్న ఒక టెస్టింగ్ ల్యాబ్‌కి శాంపిళ్ళు పట్టుకెళ్ళాను. కౌంటర్‌లో ఉన్నాయన కవరులోంచి ఒక మెంబ్రేన్ తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూశాడు. "ఏమ్మా, ఇది క్యారీబ్యాగా, గ్రాన్యూల్సా?" అన్నాడు. మెంబ్రేన్ అండీ అన్నాను. ఫారంలో ఆ గడి లేదన్నాడు. "కిలో తీసుకురా, అప్పుడు చూద్దాం" అని ముక్కని బల్ల మీదకి విసిరాడు. వెనక వరసలో నిలబడ్డ కంపెనీల వాళ్ళు నవ్వారు. మొహం మాడిపోయింది. రెండోసారి వెళ్తే నా వంతు పక్కన పెట్టి, క్యారీబ్యాగుల వాళ్ళని ముందు పిలిచాడు. వాళ్ళకి కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ కావాలి, డబ్బు గట్టిగా కడతారు. స్టూడెంట్ అంటే అక్కడ లెక్కలేదు.

ఆయన నా మీద రుద్దబోయింది అంతర్జాతీయ ప్రమాణాల్లోని ఐఎస్‌ఓ 14855-1, అంటే కంపోస్టు పరీక్ష. 58 డిగ్రీల వేడిలో, ఒక్కో పాత్రకి సుమారు 100 గ్రాముల పదార్థం, అలాంటివి మూడు పాత్రలు. నా గాజుపలక మీద ఒకసారి పోస్తే వచ్చేది రెండున్నర గ్రాములు. ఆ లెక్కన నూట ఇరవై పలకలు పోయాలి! అంతా పోసినా అది నా మెంబ్రేన్‌కి తగిన పరీక్ష కాదు. పీవీఏని తినే సూక్ష్మజీవులు అన్నిచోట్లా ఉండవు, కంపోస్టులో అది చాలా నెమ్మది. దానికి అలవాటుపడ్డ మురుగునీటి స్లడ్జ్‌లో అయితే బాగానే విచ్ఛిన్నమవుతుంది. నీళ్ళ కోసం చేసిన మెంబ్రేన్‌ని నీళ్ళలోనే పరీక్షించాలి. దానికి ఐఎస్‌ఓ 14852 ఉంది. యాక్టివేటెడ్ స్లడ్జ్ (మురుగునీటి శుద్ధిలో వచ్చే, సూక్ష్మజీవులున్న బురద) కలిపిన ద్రవంలో పదార్థాన్ని వేసి, వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ని కొలుస్తారు. గ్రాములోపు చాలు.

ప్రజల డబ్బుతో నడిచే ల్యాబ్‌లో కూర్చుని, ఏ పదార్థానికి ఏ పరీక్షో తెలుసుకోకపోవడం తప్పు. తెలియనప్పుడు తెలిసినవాళ్ళ దగ్గరికి పంపకుండా మనిషిని నవ్వులపాలు చేయడం ఇంకా పెద్ద తప్పు. గైడ్ దగ్గరున్న స్టాండర్డ్ కాపీలో ఆ పేజీలు జిరాక్స్ తీయించి, కౌంటర్ దాటేసి నేరుగా పైఅంతస్తులో టెక్నికల్ ఆఫీసర్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా అమైన్ గ్రూపుల గొడవంతా ఓపిగ్గా విని, "ఇది 14852లోనే చేయాలమ్మా" అని అక్కడికక్కడే సంతకం పెట్టారు. కింద అదే ఆయన నోరెత్తకుండా రసీదు రాశాడు. ఆ రసీదు ఇప్పటికీ నా పర్సులో ఉంది.

రిపోర్టులో గ్లుటరాల్డిహైడ్ తక్కువ వేసిన మెంబ్రేన్ కార్బన్ డయాక్సైడ్ గీత మొదట్లో నత్తనడక నడిచి, తర్వాత బాగా పైకి లేచింది. ఎక్కువ వేసినది కిందే ఉండిపోయింది. సరిగ్గా నేను అనుకున్నట్టే!

శాంపిల్ ఇచ్చే ముందు సీహెచ్ఎన్ఎస్ (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, సల్ఫర్ శాతాలు చెప్పే పరీక్ష) చేయించుకోండి. కార్బన్ శాతం లేకపోతే వాళ్ళు లెక్క కట్టలేరు. మెంబ్రేన్‌ని బాగా కడగండి. మిగిలిన గ్లుటరాల్డిహైడ్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది, మిగిలిన ఎసిటిక్ యాసిడ్ తనూ సూక్ష్మజీవులకి తిండై గ్యాస్ ఇచ్చి మీ అంకెని దొంగగా పెంచుతుంది. రిపోర్టుతో పాటు బ్లాంక్ (శాంపిల్ వేయని పాత్ర) రీడింగులూ, రిఫరెన్స్ పదార్థం (కుళ్ళుతుందని ముందే తెలిసినది) రీడింగులూ అడిగి తీసుకోండి. రిఫరెన్స్ విచ్ఛిన్నం 60 శాతం దాటకపోతే ఆ పరీక్షే చెల్లదు. ఇవ్వం అంటే కౌంటర్‌లో వాదించకండి, టెక్నికల్ ఆఫీసర్ ఎవరో కనుక్కుని పైకి వెళ్ళండి.