మూడు పలకలు

పొద్దున లేవగానే షెడ్డులోకే వెళ్ళాను. బట్టీ మీటరు ఇంకా 140 డిగ్రీల దగ్గరుంది. తెరుద్దామా నాన్నా అంటే "వంద లోపుకి రానీ" అన్నారు, అంతే, ఇంక ఆయన్ని కదిలించలేం. వేడిగా ఉండగా చల్లగాలి తగిలితే టైల్స్ పగులుతాయని నాకూ తెలుసు, కానీ 24 టైల్స్ కలిస్తేనే పూర్తయ్యే పూలతీగ బొమ్మ లోపలుంటే టెన్షన్ ఆగదు కదా.

పదకొండింటికి తెరిచాం. పై అరంతా నీలం! అమ్మ దిద్దినప్పుడు కాలాక నీలంగా మారే ఆ కోబాల్ట్ రంగు నల్లటి మసిలా ఉంటుంది, ఏ రేకు ముదురుగా వస్తుందో ఏది లేతగా తేలుతుందో కంటికి కనబడదు, కుంచెలో ఎంత రంగుందో చేతికి తెలియాలంతే. ఒక పువ్వు రేకు అంచున రంగు చిక్కగా ఆగి, మధ్యకొచ్చేసరికి పల్చబడి తెల్లటి గ్లేజులో, అంటే గాజులా మెరిసే పై పూతలో, కలిసిపోయింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

కింది అరలో మూడు టైల్స్‌కి మూలలు లేచాయి.

అవి నావే. పచ్చి పలకల్ని బల్ల మీద నుంచి ఒంటి చేత్తో మూల పట్టుకుని లేపాను, వంగాయి, వెంటనే అరచేత్తో అదిమి చదును చేశాను. ఆరినప్పుడు బాగానే ఉన్నాయి. 1000 డిగ్రీల మొదటి కాల్పులోనూ పెద్దగా తేడా తెలియలేదు. గ్లేజు కాల్పు 1220 దాకా వెళ్తుంది, ఆ వేడికి మట్టి కాస్త మెత్తబడుతుంది, అప్పుడు ఆ పాత వంపు మళ్ళీ బయటికొచ్చింది, సరిగ్గా నేను పట్టుకున్న మూలల దగ్గరే. నాన్న టైలుని బల్ల మీద పెట్టి మూల నొక్కితే టకటక ఊగింది. ఆయన ఏమీ అనలేదు. అమ్మ మాత్రం "తీగ మధ్యలో తెగిపోయిందే" అంది, నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ మూడూ పక్కపక్కవే.

మధ్యాహ్నం మళ్ళీ మట్టి పరిచాను. కాలేసరికి పదో వంతు తగ్గిపోతుంది కాబట్టి 15 సెంటీమీటర్ల టైలుకి 16.7 దగ్గర కోశాను. ఈసారి ఒక్కదాన్నీ చేత్తో ఎత్తలేదు, చెక్కతో సహా జరిపి, పైన ఇంకో చెక్క పెట్టి తిరగేశాను. అమ్మ పక్క టైల్స్ తెచ్చుకుని, వాటి అంచుల్లో తీగ ఎక్కడ ఆగిందో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటోంది.