చెట్టు దగ్గర మొదలైన సిరిమాను

గత ఆదివారం ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్లాను. కొన్నేళ్ల కిందట కన్నుమూసిన ఒక స్థానిక చిత్రకారుడు ఎవరికీ చూపకుండా దాచుకున్న బొమ్మలను ఆయన కుమార్తె తమ ఇంటి వసారాలో ప్రదర్శనకు పెట్టారని తెలిసి, చూడకుండా ఉండలేకపోయాను.

దుకాణాల బోర్డులూ పెద్దల నిలువెత్తు చిత్రాలూ వేసి ఇల్లు నడిపిన మనిషి ఆయన. ఊరికి తెలిసింది ఆ పనితనమే. వసారాలో పురికొసలకు క్లిప్పులతో వేలాడుతున్న ముప్ఫైకి పైగా నీటిరంగుల చిత్రాల్లో మాత్రం ఉన్నది పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే పొడవాటి చింతమాను, సిరిమాను ఒక్కటే.

1757 నాటి బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు మరణించాడని విని ప్రాణాలు విడిచిన ఆడపడుచే పైడితల్లి అని ఇక్కడి వారి నమ్మకం. దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం ఆమె పేరిట సిరిమాను మూడు లాంతర్ల కూడలి దగ్గరి గుడి నుంచి 1713లో కట్టిన కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. మాను కొసన కూర్చున్న పూజారినీ, అరటిపళ్లు విసిరే జనాన్నీ వేసిన బొమ్మలు చాలా చూశాను. ఈయనా కొన్ని వేశారు గాని, అవి తొందరలో వేసినట్టున్నాయి. ఆయన మనసంతా అమ్మవారు పూజారికి కలలో చూపిస్తుందని చెప్పుకునే చింతచెట్టు మీదా, హుకుంపేటలో దాన్ని చెక్కే వడ్రంగుల చేతుల మీదా ఉంది.

పక్కపక్కనే వేలాడుతున్న రెండు చిన్న కాగితాల ముందు చాలాసేపు నిలబడిపోయాను. మొదటిదానిలో పొలంగట్టున బొట్లు పెట్టిన చింతచెట్టు, దాని మానును అరచేత్తో తాకుతున్న ముసలమ్మ. రెండోదానిలో అదే గట్టు, అదే ముసలమ్మ, చెట్టు లేదు. నిన్నటిదాకా నీడ పడిన చోట ఆయన ఏ రంగూ వేయకుండా కాగితాన్ని తెల్లగానే వదిలేశారు. చెదలు అంచు కొరికినా ఆ తెలుపు ఎండలా కళ్లకు కొడుతోంది.

“ఇంత మంచివి ఎందుకు దాచారమ్మా?” అని అడిగాను.

“అమ్మవారి మానును గొడ్డలి దెబ్బల కింద చూపిస్తే ఊరు ఏమనుకుంటుందోనని నాన్నగారి భయం బాబూ. అలాగని వేయడం మానలేకపోయారు” అన్నారామె.

ఇంతకంటే భక్తితో వేసిన సిరిమానును నేను చూడలేదని ఆమెతో చెప్పాను.

సాయంత్రం మబ్బు కమ్మడంతో ఆమె క్లిప్పులు తీస్తుంటే నేను ఒక్కొక్క కాగితమే అందుకున్నాను. ముసలమ్మ బొమ్మ వెనుక పెన్సిలుతో రాసి ఉంది: “మా అత్త నాటిన చెట్టు, అంది.”